పని మానిన తరువాత మనిషి ఎవరు?



పెళ్ళి పందిట్లో మీ పక్కన ఒక కొత్త మనిషి వచ్చి కూర్చున్నాడనుకోండి. ఊరు, పేరు అయ్యాక మిమ్మల్ని అడిగే మాట ఏమిటి? "ఏం చేస్తుంటారు?" అనే కదా. ఆ మాట వెనక ఇంకో మాట దాగి ఉంటుందని మనకు వేరే చెప్పనక్కరలేదు. చేసే పనిని అడిగి, పుట్టిన వాడను తెలుసుకోవాలని చూసేవాళ్ళను మనం చిన్నప్పటినుంచీ చూస్తూనే ఉన్నాం. అందుకే మనలో చాలామంది ఆ ప్రశ్నకు ఒక మంచి జవాబు సంపాదించుకోవడానికి జీవితమంతా కష్టపడ్డారు. "మెకానిక్‌ని", "టైలర్‌ని", "ఎలక్ట్రీషియన్‌ని" అని తలెత్తి చెప్పడం మన తాతలకు దొరకని గౌరవం.

ఇప్పుడు నా ప్రశ్న వినండి. ఆ పని ఆగిపోయిన మర్నాడు ఆ మనిషి ఎవరు?

ప్రభుత్వ ఉద్యోగికి రిటైర్మెంటు తేదీ ఉంటుంది. శాలువా కప్పుతారు, దండ వేస్తారు, నలుగురు నాలుగు మాటలు చెబుతారు. చేతిపని చేసుకునే వాళ్ళకు ఆ తేదీ లేదు. కన్ను మసకబారుతుంది, వేలు వణుకుతుంది, ఒకరోజు షాపు తాళంచెవి ఇంకొకరి చేతికి పోతుంది. అంతే. శాలువా లేదు, సభా లేదు.

గుంటూరులో నాకు తెలిసిన ఒక ఉపాసకుడు ఉన్నారు. ముప్పై ఆరేళ్ళు మోటార్ల రీవైండింగ్ చేశారు. కాలిపోయిన బోరు మోటారు వస్తే పాత కాయిల్ కోసి తీయడం, స్లాట్లు శుభ్రం చేయడం, సరైన గేజి రాగి తీగను లెక్కపెట్టి చుట్టడం, వార్నిష్ పట్టించి ఆరబెట్టడం ఆయన పని. చుట్ల లెక్క తప్పితే మోటారు వేడెక్కి మళ్ళీ కాలిపోతుంది. తిరుగుతున్న మోటారు మోత విని, విప్పకుండానే "ఇది కాయిల్ కాదు, బేరింగు" అని చెప్పేసేవారు. అరవై రెండో ఏట కళ్ళకు శుక్లాల ఆపరేషన్ అయింది. ఆ తరువాత సన్న తీగ పట్టుబడలేదు. తన దగ్గరే పని నేర్చుకున్న కుర్రాడికి షాపు అప్పగించి ఇంటికి వచ్చేశారు.

"మొదటి నెల హాయిగానే ఉందండీ" అని నాతో అన్నారు. "రెండో నెలకి ఫోను మోగడం మానేసింది. అప్పుడు తెలిసింది, ఇన్నాళ్ళూ జనం వెతికింది నన్ను కాదు, మోటారు బాగుచేసేవాణ్ణి అని."

పక్కింటి పెద్దాయన ఓదార్పుగా, "ఇంక కృష్ణా రామా అనుకుంటూ కూర్చోవయ్యా" అన్నాడట. మనవాడు నవ్వి, "ఇరవై రెండు ప్రతిజ్ఞలు తీసుకున్నవాణ్ణి, నాకా సదుపాయం లేదు బాబాయ్" అన్నాడట. నవ్వుకోవడానికి బాగానే ఉంది. కానీ కాస్త ఆలోచించండి. పాత దారి వదిలేశాం కాబట్టి ముసలితనానికి పాత కాలక్షేపం కూడా లేదు. ఆ ఖాళీని మనమే మన బుద్ధితో నింపుకోవాలి.

ధమ్మం ఏమంటుంది?

సుత్తనిపాతంలో వాసెట్ఠ సుత్తం ఉంది. బ్రాహ్మణుడు పుట్టుకతో అవుతాడా, నడతతో అవుతాడా అని ఇద్దరు యువకులు వాదులాడుకుని బుద్ధుని దగ్గరికి వస్తారు. గడ్డికీ చెట్టుకీ, పురుగుకీ పక్షికీ జాతి భేదం కనిపిస్తుంది గానీ మనుషుల్లో అలాంటి జాతి గుర్తు ఏదీ లేదని బుద్ధుడు చెబుతాడు. భూమి దున్ని బతికేవాణ్ణి రైతు అంటాం, చేతిపనితో బతికేవాణ్ణి పనివాడు అంటాం, ఆ పేర్లు చేసే పనివల్ల వచ్చినవే అంటాడు.

దీన్ని మనం పుట్టుక మీద దెబ్బగా చదువుకున్నాం. అది నిజమే. రిటైరైన మనిషి దీన్ని ఇంకో వైపునుంచి చదవాలి. పేరు పనిని బట్టి వచ్చిందంటే, పనితో పాటే పోతుంది కూడా. అది భయం పుట్టించే మాటే. కులం ఏమంటుంది? నువ్వు చెప్పు కుట్టడం మానేసి నూరేళ్ళయినా, నీ మనవడు కలెక్టరైనా, ఆ పాత పేరు వదలదంటుంది. కులం పనిని పంచడం కాదు, పనిచేసే మనుషుల్నే మెట్లుమెట్లుగా విడగొట్టడం అని బాబాసాహెబ్ 1936లో 'కులనిర్మూలన'లో తేల్చిచెప్పారు. ధమ్మం అందుకు ఎదురుగా నిలబడుతుంది. పని ఆగితే ఆ పేరు ఆగుతుంది, ఇంకో మంచి పని పట్టుకుంటే ఇంకో పేరు వస్తుంది. కాబట్టి పని పోయిన రోజు మనిషి పోయిన రోజు కాదు.

అయితే ఏ పని? ఏదో ఒకటి పట్టుకుంటే చాలా? మన ఉపాసకుని కథ ఇక్కడే మొదలవుతుంది.

కెమెరా చేతికి వచ్చింది

ఆయన అల్లుడు కొత్త కెమెరా కొనుక్కుంటూ పాతది ఆయనకిచ్చాడు. అది పట్టుకుని ఏప్రిల్ 14 రాత్రి వాడలో జరిగిన పాటల సభకు వెళ్ళారు. ఆ రాత్రి తీసిన ఫొటోలు దాదాపు అన్నీ పాడయ్యాయి. స్టేజీ మీద ఎర్ర ఎల్ఈడీ లైటు పడితే గాయకుల ముఖాలు ఎర్రటి ముద్దల్లా వచ్చాయి. చేతులు అలికినట్టు వచ్చాయి. కొన్నింట్లో అడ్డంగా నల్ల చారలు. వేరేవాళ్ళయితే అక్కడితో వదిలేసేవారు. చారలు చూడగానే ఆయనలోని పాత పనివాడు లేచాడు. "ఇది కెమెరా తప్పు కాదు, లైటు ఆరుతూ వెలుగుతూ ఉంది. కంటికి తెలియదు, షట్టరుకి తెలుస్తుంది" అని పసిగట్టారు. ముప్పై ఆరేళ్ళు కరెంటుతో బతికినవారు కదా!

మెల్లమెల్లగా నేర్చుకున్నారు. ఫ్లాష్ వేయకూడదు, పాడేవారి కళ్ళలో కొడుతుంది, పాట చెదురుతుంది. షట్టరు సెకనులో 250వ వంతుకు తెస్తే పాడే ముఖం నిలుస్తుంది. డప్పు పుల్ల గాలిలో ఆగినట్టు కనబడాలంటే 500వ వంతో, ఇంకా వేగమో కావాలి. 60వ వంతుకు దించితే ముఖం కదలకుండా ఉంటే నిలుస్తుంది, చెయ్యి మాత్రం పొగలా వస్తుంది. అన్నిటికంటే ముఖ్యం, దెబ్బ ఎప్పుడు పడుతుందో ముందే తెలియాలి. కంటితో చూశాక నొక్కితే ఆలస్యమైపోయినట్టే. ఆయన చెవితో నొక్కేవారు. మోటారు మోతలో తేడా పట్టిన చెవి దరువులో తేడా పట్టలేదా? చేతి నైపుణ్యం ఒక సామాను దగ్గర ఆగిపోదు, ఇంకో సామాను దొరికితే అందులోకి నడుస్తుంది.

ఏడాది తిరిగేసరికి ఆయన పేరు మారింది. "ఫొటోల బాబాయ్" అన్నారు. ఫోను మళ్ళీ మోగింది. గాయకుల ముఖాలు వాట్సాప్ స్టేటస్‌లలో తిరిగాయి. కథ ఇక్కడ ముగిస్తే బాగానే ఉంటుంది. కానీ అసలు సంగతి ఇక్కడినుంచే.

దొరకని ముఖం

ఆ బృందంలో ఒక డప్పు కళాకారుడు ఉండేవాడు. మనవాడు వెళ్ళిన ప్రతి సభలోనూ ఉన్నాడు. ఒక వానాకాలం జ్వరంతో కన్నుమూశాడు. పుణ్యానుమోదన సభకు ఫ్రేము కట్టించడానికి కూతురు వచ్చి, "బాబాయ్, నాన్న ఫొటో మీ దగ్గర ఉంటుంది కదా" అంది.

ఉంటుందనే అనుకున్నారు. రాత్రంతా కూర్చుని వెతికారు. వేల ఫొటోలు. గాయకుని గొంతు నరాలు ఉన్నాయి. గాయని కళ్ళలో నీళ్ళు ఉన్నాయి. మైకు ముందు నాయకులున్నారు. ఆ మనిషిది ఒక మోచెయ్యి ఉంది, సగం వీపు ఉంది, గాయకుని వెనక మసకగా ఒక ఆకారం ఉంది. చక్కగా వచ్చిన డప్పు ఉంది, డప్పు మీద రెండు చేతులున్నాయి. ముఖం లేదు.

చివరికి ఆ అమ్మాయి రేషన్ కార్డు ఫొటో పెద్దది చేయించుకుంది.

"అతని దరువు వినే నేను బటన్ నొక్కేవాణ్ణండీ" అన్నారాయన నాతో. "ఏడాదిపాటు అతని చేతుల్ని నమ్ముకుని ఫొటోలు తీశాను. మనిషిని చూడలేదు. నా మోటారు చూసి నన్ను చూడని జనాన్ని తిట్టుకున్నాను. నేను చేసిందేమిటి?"

పాఠకులారా, ఈ మాట దగ్గర ఒక్క క్షణం ఆగండి. మన ఇళ్ళలో, మన సభల్లో కూడా ఇదే జరుగుతోంది. గద్దర్ ఫొటో చూపిస్తే చిన్న పిల్లాడైనా గుర్తుపడతాడు. 2023 ఆగస్టు 6న ఆయన కన్నుమూస్తే, అల్వాల్‌లో ఆయన స్థాపించిన మహాబోధి విద్యాలయం ఆవరణలో బౌద్ధ సంప్రదాయంలో అంత్యక్రియలు జరిగాయి. లక్షలమంది గుండెలో ఆయన రూపం ఉంది, ఉండాలి కూడా. కానీ ఆయన పాటకు ఆయా ఊళ్ళలో దరువు వేసినవాళ్ళ పేర్లు మనలో ఎందరికి తెలుసు? పాట నిలబడింది ఆ దరువు మీదే కదా.

మనల్ని చూడనివాళ్ళ మీద మనం ఉద్యమం చేశాం. మనలో మనం చూడకుండా వదిలేసిన వాళ్ళ సంగతేమిటి?

శీలం కెమెరాకీ ఉంది

ఆ తరువాత ఆయన పద్ధతి మార్చుకున్నారు. ఇప్పుడు సభకు గంట ముందే వెళతారు. స్టేజీ వెనక ఎండుగడ్డి మంట వేసి డప్పులు కాస్తుంటారు కదా, చర్మం బిగిసి మోగేదాకా. అక్కడికి వెళ్ళి కూర్చుంటారు. కెమెరా సంచిలోనే ఉంటుంది. ముందు పేర్లు అడుగుతారు. ఊరు, ఎవరి దగ్గర నేర్చుకున్నారో అడుగుతారు. చిన్న నోటుబుక్కులో రాసుకుంటారు. ఆ తరువాత, "ఫొటో తియ్యనా అన్నా?" అని అడుగుతారు.

ఇది మర్యాద మాత్రమే కాదు. పంచశీలలో రెండోది, ఇవ్వనిది తీసుకోకపోవడం. మనిషి ముఖం అతని సొత్తు కాదా? ఒక గాయని, "పాడతాను గానీ ఫోన్లలో పెట్టొద్దన్నా, మా అత్తగారింట్లో గొడవవుతుంది" అంది. ఆయన తీయలేదు. పాట విన్నారు, ఇంటికి వచ్చారు. ఆ రాత్రి తీయని ఫొటో కూడా ఆయన చేసిన మంచి పనుల్లో ఒకటని నేనంటాను.

నాలుగోది, అబద్ధమాడకపోవడం. ఫొటో కూడా మాట్లాడుతుంది. యాభైమంది వచ్చిన సభను వెయ్యిమందిలా కనబడేట్టు తీయడం అబద్ధమే. పదిమంది కలిసి చేసిన పాటను ఒక్కరి ముఖంగా కత్తిరించి పంచడమూ సగం అబద్ధమే. ఇప్పుడు ఆయన ప్రతి ఫొటో కింద అందరి పేర్లూ రాస్తారు. ప్రతి కళాకారునికీ పోస్టుకార్డంత ప్రింటు తీసి చేతికిస్తారు. ఫోనులో ఉన్నది ఫోనుతో పోతుంది. గోడమీది ఫొటో మనవల దాకా ఉంటుంది.

డప్పు విషయంలో మనలో రెండు మాటలున్నాయి. అది మన పెద్దల మెడకు వేసిన వెట్టి. చావుకు కొట్టాలి, జాతరకు కొట్టాలి, విసిరేసింది ఏరుకోవాలి. బౌద్ధం తీసుకున్నాక దాన్ని ముట్టబోమని ఒట్టు పెట్టుకున్న కుటుంబాలున్నాయి. ఆ ఒట్టులో ఆత్మగౌరవం ఉంది. 1994లో ప్రకాశం జిల్లా ఈదుమూడి నుంచి లేచిన ఉద్యమం దండోరా అనే మాటనే తన పేరుగా చేసుకుంది. దానిలోనూ ఆత్మగౌరవం ఉంది. వాయిద్యానికి పాపం లేదు. ఎవరి హుకుం మీద మోగుతోందన్నదే ప్రశ్న. ఫొటోగ్రాఫరు కూడా ఆ ప్రశ్న వేసుకోవాలి. ఒక ఊళ్ళో పెత్తందార్ల ఇంటి ముందు ఎండలో నిలబెట్టి కొట్టిస్తుంటే ఆయన కెమెరా తీయలేదు. "అదీ తీయాల్సింది, సాక్ష్యంగా ఉండేది" అని నేను వాదించాను. "ఆ స్థితిలో ఉన్న మనిషిని అడక్కుండా ఎలా తీస్తాను?" అన్నారాయన. మా వాదన ఇంకా తెగలేదు. మీరేమంటారో ఆలోచించండి.

సంగీతం మనకు తగునా?

కొందరు పెద్దలు ఇంకో సందేహం లేవదీస్తారు. ధమ్మంలో ఆటపాటలు వద్దన్నారు కదా, బౌద్ధుడు పాటల సభల చుట్టూ తిరగడమేమిటని. ఆట, పాట, వాయిద్యం మానుకోవడం అష్టశీలలో వచ్చేది. ఉపోసథం నాడు వాటిని పాటించే ఉపాసకులు ఆ రోజు మానుకుంటారు. భిక్షువుల నియమం వేరు. గృహస్థుని పంచశీలలో ఆ నిషేధం లేదు.

అయినా జాగ్రత్త అవసరమే. తాళపుటుడు అనే నటుల నాయకుడు బుద్ధుని దగ్గరికి వచ్చి, జనాన్ని నవ్వించి రంజింపజేసే మాకు మంచి గతి ఉంటుందట కదా అని అడిగాడు. రాగద్వేషమోహాలతో కట్టుబడి ఉన్న జనానికి వాటినే ఇంకా రెచ్చగొట్టే ఆట వేస్తే మంచి గతి ఎలా వస్తుందని బుద్ధుని జవాబు. కాబట్టి మనం అడగాల్సింది "పాటా, కాదా" అని కాదు. ఆ పాట విని లేచిన మనిషి మత్తులో లేచాడా, మెలకువతో లేచాడా అని.

అదే పరీక్ష మన కాలక్షేపానికీ పెట్టుకోవాలి. కెమెరా పట్టినవారికి ఒక రోగం వస్తుంది. ఈ లెన్సు చాలదు, ఆ లెన్సు కావాలి. వంద లైకులు చాలవు, వెయ్యి కావాలి. తణ్హ అంటే ఏమిటో తెలుసుకోవడానికి గ్రంథం తెరవక్కరలేదు, కెమెరా షాపులోకి వెళితే చాలు. మన ఉపాసకుడు కూడా ఒకసారి దాచుకున్న డబ్బు తీసి పెద్ద లెన్సు కొనబోయారు. భార్య అడ్డుపడింది. "ముందుకెళ్ళి నిలబడితే దగ్గరగానే కనబడతారుగా" అందట. ఆ ఒక్క మాటతో ఆ డబ్బు ప్రింట్లకు మిగిలింది.

సోణుడు అనే భిక్షువు కథ మీకు తెలిసే ఉంటుంది. కాళ్ళు పుండ్లు పడేదాకా నడిచి సాధన చేసి, ఫలితం లేదని నిరాశపడ్డాడు. గృహస్థుగా ఉన్నప్పుడు అతను వీణ బాగా వాయించేవాడు. బుద్ధుడు అతనికి కొత్త ఉపమానం వెతకలేదు. తీగ మరీ బిగిస్తే వీణ పలికిందా, మరీ వదులు చేస్తే పలికిందా అని అడిగాడు. రెండూ కాదన్నాడు సోణుడు. ప్రయత్నమూ అంతేనని బుద్ధుడు చెప్పాడు. గమనించండి, సోణుడు వదిలేసి వచ్చిన పాత విద్యనుంచే అతని దారి దొరికింది. రిటైరైన మిత్రులకు ఇది గొప్ప ధైర్యం. మీరు నేర్చినది వృథా పోదు. దాన్ని మరీ బిగించవద్దు, మరీ వదిలేయవద్దు. డప్పు కాచేవాణ్ణి చూసినా ఇదే తెలుస్తుంది. మంట చాలకపోతే మోగదు, ఎక్కువైతే చర్మం పగులుతుంది.

రాతి మీది పేరు

గుంటూరుకు దగ్గరలోనే అమరావతి ఉంది. అక్కడి స్తూపం మీది శిల్పాలు ఇప్పుడు చాలావరకు చెన్నై మ్యూజియంలో, లండన్ బ్రిటిష్ మ్యూజియంలో ఉన్నాయి. వాటిలో వాయిద్యకారులు ఉన్నారు. విల్లులా వంగిన వీణలు, వేణువులు, డోళ్ళు పట్టుకున్నవాళ్ళు. దాదాపు రెండువేల ఏళ్ళ కిందట ఎవరో చేతిపనివారు ఆ వాయించేవాళ్ళను చూసి, చూసింది రాతి మీద పెట్టారు. అందుకే ఆ వంపు వీణ ఎలా ఉండేదో ఇవాళ మనకు కనబడుతోంది.

అదే అమరావతిలో ఒక శాసనం ఉంది. విధికుడు అనే చర్మకారుడు తన కుటుంబంతో కలిసి పూర్ణఘటం చెక్కిన రాతిఫలకాన్ని దానం ఇచ్చాడని అందులో ఉంది. చర్మకారుడని దాచుకోలేదు. ఎవరూ చెరిపేయలేదు. అతని పని, అతని పేరు, అతని దానం మూడూ ఒకే రాతి మీద గౌరవంగా ఉన్నాయి. ఇవాళ ఆంధ్రప్రదేశ్ రాజముద్రలో ఉన్న పూర్ణఘటం ఆ అమరావతి కళనుంచి వచ్చిందే.

రెండువేల ఏళ్ళ కిందట బౌద్ధం చర్మకారుని పేరు రాతి మీద రాసింది. అదే చర్మంతో చేసిన డప్పు మన స్టేజీ మీద మోగుతుంటే, కొట్టేవాని పేరు మనం కాగితం మీదైనా రాయలేమా?

ఇదే నేను చెప్పదలచుకున్నది. పని మానిన మనిషికి కొత్త అర్థం కెమెరాలో దొరకలేదు. మళ్ళీ నలుగురూ పిలవడంలోనూ దొరకలేదు; అది ఏడాదిలోనే వచ్చింది, వచ్చినా ఆయన లోపలి ఖాళీ నిండలేదు. కనబడని మనిషిని చూడడం మొదలుపెట్టాక నిండింది. తనను ఎవరూ చూడడం లేదన్న బాధ, తాను ఎవరిని చూడలేదో తెలిశాక కరుణగా మారింది.

బాబాసాహెబ్ పెద్ద వయసులో వయొలిన్ నేర్చుకున్నారు. 1956 అక్టోబరు 14న నాగపూర్‌లో ధమ్మదీక్ష తీసుకునేనాటికి ఆయనకు అరవై అయిదేళ్ళు. దేహం అప్పటికే రోగాలతో అలిసిపోయి ఉంది. ఆ వయసులో, ఆ దేహంతో ఆయన లక్షలమందికి కొత్త దారి తెరిచారు. "ఈ వయసులో ఇంకేం మొదలుపెడతాం" అని మనం అనడానికి ఇక చోటెక్కడుంది?

మీ చేతిలో కెమెరా ఉండక్కరలేదు. ఫోను చాలు, అదీ లేకపోతే నోటుబుక్కు చాలు. వచ్చే బుద్ధ పూర్ణిమకో, డిసెంబరు 6 సభకో వెళ్ళినప్పుడు స్టేజీ వెనక్కి ఒకసారి వెళ్ళండి. డప్పు కాస్తున్న మనిషి పక్కన కూర్చోండి. "ఏం చేస్తుంటావు?" అని అడగకండి. "నీ పేరేంటి అన్నా?" అని అడగండి.

నమో బుద్ధాయ. జై భీమ్.